నొప్పి లేదన్నమాట

గోడ మీది పోస్టర్‌లో టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన గుండె పట్టుకుని బాధపడుతున్నాడు, పాపం, ఎన్నేళ్ళ నుంచి పడుతున్నాడో, కాగితం మూలలు పసుపు రంగుకి తిరిగాయి, అయినా ఆయన పట్టు వదల్లేదు, పిడికిలి సరిగ్గా ఛాతీ మధ్యలోనే ఉంది, బొమ్మ గీసినవాడు నుదుటి మీద చెమట చుక్కలు కూడా ఓపిగ్గా ఒక్కొక్కటీ గీశాడు, వెనక చేయి చాచి కంగారుగా నిలబడ్డ భార్య కూడా ఉంది, ఈ పోస్టర్‌లో ఆడమనిషికి ఇచ్చిన ఉద్యోగం అదీ, కంగారు పడడం, అనుకుంది మైకమ్మ, అనుకుని ఆ పెద్దమనిషి మీద ఒళ్ళు మండి మొహం తిప్పుకుంది. తిప్పుకుంటే ఎదురుగా తలుపు. మూసిన తలుపు, దాని మీద ఎర్ర దీపం. ఆ తలుపు అవతల ఎదురింటి అక్క ఉంది. గుండెకి వెళ్ళే నరం మూసుకుపోయింది, చేతి మణికట్టు నుంచి సన్నటి గొట్టం పంపి తెరవాలి, ఆలస్యమైంది, చూద్దాం, అని చెప్పి పెద్ద డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. చూద్దాం అట. ఆలస్యమైంది అట. ఎవరి వల్ల అయిందో ఆ మాటలో ఎక్కడా లేదు, ఆలస్యం దానంతట అదే నడిచి వచ్చి అయిపోయినట్టు. ఆ కిటుకు మైకమ్మకి తెలియంది కాదు, ఆమె బతుకుతెరువే అది, బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ఫలానా బస్సు అనివార్య కారణాల వల్ల ఆలస్యంగా బయలుదేరును అని తేనె పూసిన గొంతుతో చెప్పడం, డ్రైవరు నిద్ర లేవలేదని ఏనాడైనా చెప్పిందా. ఆ మైకు వల్లే ఆ పేరు. ఎదురింట్లో దిగిన కొత్తలో అక్కే పెట్టింది, ఏం మైకమ్మా ఈ రోజు ఎన్ని బస్సులు ఎగ్గొట్టారు అని, ఇప్పుడు ఆ మేడలో ఆమె అసలు పేరు చెబితే ఎవరని అడుగుతారు.

పక్క కుర్చీలో బావగారు, అంటే అక్క భర్త, అక్క చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దాని నిండా బంక మరకలు. అక్క పనిచేసేది బైండింగ్ షాపులో, కాగితాలు పేర్చి, కుట్టి, వీపుకి బంక రాసి, ఇనప ప్రెస్సులో పెట్టి చక్రం తిప్పి బిగించడం, ఇరవై ఏళ్ళకి పైగా అదే పని, అందుకే అక్క ఒంట్లో ఏం జరిగినా జవాబు అప్పటికప్పుడు దొరికేది. చెయ్యి లాగుతోందా, ప్రెస్సు తిప్పి తిప్పి. వికారంగా ఉందా, బంక వాసన. రెండు భుజాల మధ్య పట్టేసిందా, వంగి కుట్టడం వల్ల. ఆయాసమా, కాస్త ఒళ్ళు తగ్గించరాదూ. నిద్ర పట్టడం లేదా, వయసు. ఆడదాని ఒంట్లో ప్రతి భాగానికీ ఎవరో ఒకరు ముందే సంజాయిషీ రాసి పెట్టి ఉంచుతారు, ఇక గుండె దాకా వెళ్ళాల్సిన అవసరమే రాదు. వారం నుంచి అక్క మెట్ల మధ్యలో ఆగి, సంచిలో చెయ్యి పెట్టి తాళంచెవి కోసం వెతుకుతోంది. ఇంట్లో బావగారు ఉండగా తాళంచెవి ఎందుకో, వెతికింది తాళంచెవిని కాదు, ఊపిరిని. పైకి వెళ్ళేవాళ్ళకి దారి ఇచ్చి, నవ్వి, ఏం లేదు, తాళంచెవి, అనేది. ఏం లేదు. ఆ రెండు మాటల్నీ పట్టుకుని ఎవరైనా బయటికి ఈడ్చుకెళ్ళి నాలుగు తగిలించాలి. ఏం తిన్నావంటే ఏం లేదు, ఎందుకేడుస్తున్నావంటే ఏం లేదు, ఏమైందంటే ఏం లేదు, పుట్టినప్పుడు ఉగ్గుతో పాటు పట్టిస్తారేమో ఆ మాట.

అదే బావగారికి వచ్చినప్పుడు చూడాలి. రెండేళ్ళ కిందట ఆయన ఆఫీసు విందులో పీకల దాకా తిని వచ్చి మెట్ల మీద అచ్చం ఈ పోస్టర్ పెద్దమనిషిలాగే గుండె పట్టుకుని కూలబడితే మేడ మేడంతా లేచింది. కింద వాటాలో టాక్సీ అతను అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పల్లకీ మోసినట్టు మోసుకొచ్చారు, ఈ ఆస్పత్రికే, ఇదే కౌంటరు దగ్గరికి, పేరు అడగక ముందే పడుకోబెట్టారు, చొక్కా గుండీలు విప్పి వైర్లు అంటించారు, రెండు రోజులు ఉంచుకుని, ఉన్న పరీక్షలన్నీ చేసి, చివరికి తేల్చింది ఏమిటయ్యా అంటే గ్యాస్. అయితే ఏం, ఆ రోజు నుంచి ఆయన మేడలో అధికారికంగా గుండె జబ్బు మనిషి అయిపోయాడు. నీళ్ళ క్యాను ఎత్తకూడదు, కోపం తెప్పించకూడదు, కూరలో ఉప్పు సగం. ఉప్పు తగ్గించింది అక్క, క్యాను ఎత్తింది అక్క. ముందు జాగ్రత్త అని చొక్కా జేబులో ఆస్పిరిన్ మాత్రల అట్ట ఒకటి పెట్టుకుని తిరుగుతాడు, పెద్ద ఉద్యోగస్తులు పెన్ను పెట్టుకున్నట్టు. ఆయనకి గ్యాస్ వస్తే అందరూ గుండె అన్నారు. అక్కకి గుండె వస్తే అందరూ గ్యాస్ అన్నారు. ఇంతకు మించి చెప్పడానికి ఏముంది, ఎవరితో చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టి అరవాలి.

ఇవాళ మధ్యాహ్నం, సాయంత్రం డ్యూటీకి ఇంకా టైముంది కదా, అక్క దగ్గర తెచ్చుకున్న ఇస్త్రీపెట్టె ఇచ్చేసి వద్దామని వెళ్ళింది మైకమ్మ. తలుపు ఓరగా ఉంది, ముందు గదిలో బావగారు టీవీ చూస్తున్నాడు, వంటింట్లో కుళాయి ధార పోతోంది. ఆ ధార చప్పుడుకే ఏదో తేడాగా అనిపించింది, ఎందుకంటే ఊళ్ళో వాళ్ళ కుళాయిలు కూడా కట్టేసి వచ్చే మనిషి అక్క. చూస్తే నేల మీద గోడకి చేరగిలబడి కూర్చుంది. మొహం తడిసిన అట్ట రంగులో ఉంది. పైన ఫ్యాను తిరుగుతున్నా మెడంతా చెమట, ముట్టుకుంటే చల్లగా, వేసవి చెమటలా కాదు.

"ఏమైందక్కా?"

"ఏం లేదే. గిన్నెలు కడుగుతూ కాస్త కూర్చున్నా. దవడ లాగుతోంది, పన్ను పుచ్చిందేమో. నువ్వు వెళ్ళు, నీకు డ్యూటీ ఉంది."

"పన్ను పుచ్చితే ఇన్ని చెమటలెందుకు పడతాయి?"

ముందు గదిలోంచి బావగారి గొంతు వచ్చింది, మనిషి రాలేదు. "గ్యాసేలే అమ్మాయ్. పొద్దుట రెండుసార్లు వాంతి కూడా అయింది. సోడా తాగమన్నాను, వినదు."

"బావగారూ, ఇది గుండేమో అనిపిస్తోంది. మీరోసారి రండి."

"నాకు తెలీదా గుండె అంటే? నాకు వచ్చింది కాబట్టే చెబుతున్నా. అది వస్తే మనిషి ఇలా మాట్లాడుతూ కూర్చోడు."

నాకు వచ్చింది. సోడా తాగమన్నాను. సోడా. ఆ మాట చెవిన పడగానే వంటిల్లు వంటిల్లులా లేదు, ఇంకో వంటిల్లు అయింది, అందులో గోడకి చేరగిలబడింది అక్క కాదు, అమ్మ. అమ్మ కూడా పొద్దున్నే దవడ నొక్కుకుంటూ తిరిగింది, అమ్మ కూడా వాంతి చేసుకుంది, అమ్మకి కూడా మామయ్య సీసా తెచ్చి, గోళీ నొక్కి, నురగ పొంగే సోడా చేతికిచ్చాడు, తాగు, త్రేన్పు వస్తే సర్దుకుంటుంది అని. అమ్మ త్రేన్చడానికి ప్రయత్నించింది, అందరూ చుట్టూ నిలబడి ఆ త్రేన్పు కోసం ఎదురుచూశారు. తర్వాత కాస్త నీరసంగా ఉంది పడుకుంటానంది. సాయంత్రానికి వచ్చినవాళ్ళందరూ ఏమన్నారు, అదృష్టవంతురాలు, పడుకున్నది పడుకున్నట్టే పోయింది, ఒకరిని ఇబ్బంది పెట్టలేదు అన్నారు. పొద్దుట నుంచి అందరికీ చెబుతూనే ఉందే మనిషి, దవడ అంది, వీపు అంది, ఊపిరి ఆడడం లేదంది, ఇంకెలా ఇబ్బంది పెట్టాలి. ఒకరిని ఇబ్బంది పెట్టకుండా పోయిందని మెచ్చుకుంటారు, ఇంటికొచ్చిన చుట్టం గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళినట్టు. మైకమ్మకి అప్పుడు పదిహేనేళ్ళు, ఆ మెచ్చుకోళ్ళు విని తల ఊపింది కూడా. ఇప్పుడు ఊపదు.

ఫోను తీసి అంబులెన్స్‌కి చేసింది. అవతల ఒకావిడ, నిదానంగా, ఒక్కొక్కటే అడిగింది. ఊపిరి ఎలా ఉంది, తెలివిలో ఉందా, ఏ మందైనా పడదా, కడుపులో పుండు, రక్తం పోవడం లాంటివేమైనా ఉన్నాయా. ఏమీ లేవంటే, ఆస్పిరిన్ ఉంటే ఒకటి నమిలించండి, మింగించడం కాదు, నమలాలి, ఒక్క అడుగు కూడా నడిపించకండి, బిగుతుగా ఉన్నవి వదులు చేయండి, బండి దూరంలో ఉంది, ఆస్పత్రి మీకు రెండు వీధుల్లోనే ఉందంటున్నారు కాబట్టి వేరే బండి సిద్ధంగా ఉంటే కూర్చోబెట్టే తీసుకెళ్ళండి, అంది. మైకమ్మ ముందు గదిలోకి వెళ్ళి, టీవీకి అడ్డం నిలబడి, బావగారి చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఆ అట్ట లాక్కుంది. ఇన్నాళ్ళకి ఆ అట్టకి ఒక గుండె దొరికింది. ఒక మాత్ర అక్క చేత నమిలించింది. టాక్సీ అతను వచ్చాడు, అదే ప్లాస్టిక్ కుర్చీ, ఒక పక్క అతను, ఒక పక్క బావగారు, క్యాను ఎత్తకూడని మనిషి భార్యని ఎత్తాడు. మొదటి మెట్ల వరస దిగేదాకా గొణుగుతూనే ఉన్నాడు, ఇంత హడావుడి ఎందుకు, గ్యాసే. రెండో వరసలో అక్క తల ఆయన భుజం మీదికి వాలింది. ఇక గొణగలేదు.

ఇక ఆ కౌంటరు. తల్చుకుంటేనే మైకమ్మకి కుర్చీ అంచు మీద వేళ్ళు బిగుసుకుంటున్నాయి. కుర్ర డాక్టరు, కొత్త బూట్లు, చెడ్డవాడేం కాదు, అలిసిపోయి ఉన్నాడు, కానీ అలిసిపోయినవాళ్ళు ఈ లోకంలో అతనొక్కడేనా. ఛాతీలో నొప్పి ఉందామ్మా, అని అడిగాడు. అక్క నిజాయతీగా ఆలోచించింది, షాపులో కొలత తప్పకుండా అట్ట కోసినట్టే ఆలోచించి, "నొప్పి అని కాదు బాబూ, బరువు. ప్రెస్సు కింద పెట్టి చక్రం తిప్పుతున్నట్టు. దవడ..." అంది.

"నొప్పి లేదన్నమాట," అని అతను రాసుకున్నాడు. రాసుకుంటూనే ఇంట్లో ఏమైనా టెన్షన్లా అన్నాడు, నెలసరి ఆగిపోయిందా అన్నాడు, ఆ టైంలో ఇలాగే ఉంటుందమ్మా కంగారు పడకండి అన్నాడు, ఈ వరస అయ్యాక చూద్దాం, అక్కడ కూర్చోండి అన్నాడు.

లేదన్నమాట. అతనికి ఏం తెలుసు, నొప్పి అనే మాట అక్క నోట్లో ఎంత ఉంటుందో. నొప్పి అంటే మగవాళ్ళకి ఒకటే, ఎక్కడైనా నొస్తే నొప్పి. బిడ్డల్ని కన్నదానికి ఇంకొకటి ఉంది, నొప్పులు. ఆ మాట చివర్న ఒక్క అక్షరం చేరితే చాలు, ఒళ్ళు రెండుగా చీలుతుంది. అక్క తన చిన్నకూతుర్ని కన్న రోజు కూడా షాపులో ప్రెస్సు దగ్గరే ఉంది, నొప్పులు మొదలయ్యాయా అని యజమాని భార్య అడిగితే, ఏం లేదమ్మగారూ, ఈ దస్తా బిగించి వెళతా అందట, ఆ కథ చెప్పి తనే పగలబడి నవ్వేది. ఆ కొలబద్ద పెట్టుకుని కొలిస్తే ఇది నొప్పి ఎలా అవుతుంది, గుండె మీద మనిషి కూర్చున్నా బరువే అవుతుంది. నిజం చెప్పింది, నిజం చెప్పినందుకు వరసలో కూర్చోబెట్టారు. అసలు ఈ భాషలో ఆడదాని గుండెకి ఎన్ని పనులు చెప్పారు, కరగమన్నారు, చెరువు కమ్మన్నారు, బిడ్డ పడితే జారమన్నారు, మొగుడు తిడితే రాయి చేసుకోమన్నారు. జబ్బు ఒక్కటి మాత్రం చేయకూడదు.

ఇంతకీ మైకమ్మకి ఇదంతా ముందే తెలుసా అంటే, తెలుసు, తెలిసిన తీరు తల్చుకుంటే అదో మంట. బస్‌స్టేషన్‌లో బస్సుకీ బస్సుకీ మధ్య రోజుకి ఎన్నిసార్లో వినపడే గుండెపోటు ప్రకటన ఉందే, ఆ గొంతు ఆమెదే. ఛాతీలో తీవ్రమైన నొప్పి, ఎడమ చేయి లాగడం, చెమటలు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. కాగితం తెచ్చింది ఒక లేడీ డాక్టరు. చదవబోతూ, అమ్మ గుర్తొచ్చి, ఆడవాళ్ళకీ ఇంతేనా అండీ అని అడిగింది. ఆవిడ కాసేపు ఆమె మొహం కేసి చూసి చెప్పింది. ఆడవాళ్ళకీ ఎక్కువగా ఛాతీలోనే వస్తుంది, కానీ నొప్పిలా కాకుండా బరువులా, పట్టేసినట్టు ఉండొచ్చు, దాంతో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, దవడ, మెడ, వీపు, పొట్ట పైభాగం, ఆయాసం, వాంతి, చల్లచెమట, ఎందుకో తెలియని అలసట, అలసటైతే కొందరికి రోజుల ముందే. అదంతా రాశానండీ, కొట్టేశారు, అరనిమిషం దాటిపోతోందట. అరనిమిషం. ఆ తర్వాత వచ్చే నీళ్ళ మోటార్ల కంపెనీ పాట ముప్పావు నిమిషం, మోటారు గురించి ఒక్క ముక్క కూడా ఎవరూ కొట్టేయలేదు. ఆ రోజు కాగితంలో ఉన్నదే చదివింది, కొట్టేసిన ముక్క మాత్రం ఆమె లోపలే ఉండిపోయింది, ఇవాళ వంటింట్లో చెమట పట్టిన మెడని ముట్టుకోగానే పొల్లు పోకుండా వినపడింది. ఈసారి డ్యూటీకి వెళ్ళగానే బస్సు బస్సుకీ మధ్య చదువుతుంది, దవడ, మెడ, వీపు, మోటార్లు ఆగితే ఆగనీ, పై అధికారి పిలిస్తే పిలవనీ.

వరసలో అక్క ముందు చెయ్యి బెణికిన కుర్రాడు, దగ్గుతున్న ఒకాయన, ఇంకా ఎవరెవరో. అక్క పెదవుల రంగు మారుతోంది, అయినా "నన్ను చూసి కంగారు పడకే, ముందు వాళ్ళని చూడనీ" అంటోంది. ఆ మాట విన్నాక మైకమ్మ లేచి నిలబడింది. అరవలేదు. అరిచే ఆడదాన్ని ఎవరూ వినరు, పక్కకి తీసుకెళ్ళి మంచినీళ్ళిస్తారు. గొంతు సవరించుకుని, రోజూ వేలమందిని నిలబడ్డ చోట నిలబెట్టే ఆ గొంతుతో, ప్రతి మాటా విడివిడిగా, "దయచేసి గమనించండి. ఈమెకు గుండె నొప్పి వచ్చింది. గుండె నొప్పితో ఉన్న మనిషిని ఇక్కడ కుర్చీలో కూర్చోబెట్టారు. గుండె నొప్పి," అంది. హాలంతా తలలు తిప్పింది, సంచులు సర్దుకునేవాళ్ళు సర్దుకోవడం ఆపారు. "నాకు నొప్పి లేదే..." అని అక్క కొంగు లాగుతోంది, ఆ చేతిని మైకమ్మ తన చేత్తో నొక్కి పట్టింది. అబద్ధం. నూటికి నూరుపాళ్ళూ అబద్ధం. ఆ అబద్ధం వినే నర్సమ్మ యంత్రం తోసుకుంటూ పరిగెత్తుకొచ్చింది, వైర్లు అంటించింది, కాగితం చుట్ట బయటికి వచ్చింది, ఆ గీతలు చూసి కుర్ర డాక్టరు కొత్త బూట్లతో పరిగెత్తాడు. నిజానికి మంచం దొరకలేదు, అబద్ధానికి దొరికింది.

అదిగో, మళ్ళీ వస్తున్నాడు, చేతిలో కాగితాలతో, ఈ వైపే. ఆగాడు. "మీరు నొప్పి అని మొదటే చెప్పి ఉంటే ఇంత ఆలస్యమయ్యేది కాదండీ," అన్నాడు, మందలించినట్టు కాదు, నిజంగా అదే అనుకుంటున్నట్టు.

"మీకు వినపడే మాట అదొక్కటేనని మాకు తెలీలేదు బాబూ."

అతను తలుపు వైపు చూసి వెళ్ళిపోయాడు. బావగారు సంచి పట్టీని చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. ఎవరితోనూ కానట్టు అన్నాడు, "పొద్దుట నాకు ఫలహారం పెట్టి, వాంతి చేసుకుని వచ్చి, మళ్ళీ నాకు మంచినీళ్ళు ఇచ్చింది. నేను టీవీ సౌండు తగ్గించలేదమ్మాయ్." ఆయన్ని ఓదార్చాలని మైకమ్మకి అనిపించలేదు. అనిపించాలేమో. ఎవరో ఒకరు ఏడిస్తే చటుక్కున ఓదార్చడానికి లేచే ఆ కాలు ఉందే, ఇవాళ దాన్ని లేవనివ్వదు, కూర్చోనీ, ఆయన కూడా కాస్త బరువు మోయనీ. దీపం ఇంకా ఎర్రగానే ఉంది. అక్కా, ఇదిగో చూడు, ఇన్నాళ్ళూ అందరికీ దారి ఇచ్చావు, మెట్ల మీద ఇచ్చావు, వరసలో ఇచ్చావు, ఇప్పుడు మాత్రం ఎవరికీ దారి ఇవ్వకు, అక్కడే అడ్డంగా ఉండు, కదలకు. నువ్వు పోతే నాలుగిళ్ళవాళ్ళు వచ్చి ఒకరిని ఇబ్బంది పెట్టలేదంటారు, ఆ మాట అన్న మొదటి మనిషిని నేను ఏం చేస్తానో నాకే తెలీదు. ఇబ్బంది పెట్టక్కా, అందరినీ పెట్టు.

దీపం ఎప్పుడు ఆరిందో చూడలేదు. తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, నరం తెరుచుకుంది, గుండె కండరం కొంత దెబ్బతింది, మందులు వాడాలి, విశ్రాంతి తీసుకోవాలి, మనిషి మాత్రం దక్కింది, అని చెప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే, అని మొదలుపెట్టి, మైకమ్మ మొహం చూసి ఆ వాక్యం అక్కడే వదిలేసింది. ఒక్కరు లోపలికి వెళ్ళొచ్చంది. బావగారు లేచాడు, రెండడుగులు వేశాడు, ఆగాడు. సంచి మైకమ్మ చేతిలో పెట్టాడు.

"నువ్వెళ్ళమ్మా. నేను వెళితే ఏం లేదండీ అంటుంది."

లోపల చల్లగా ఉంది. అక్క చిన్నదైపోయినట్టు ఉంది మంచంలో, మణికట్టుకి కట్టు, ఒంటి నిండా వైర్లు, మొహంలో అట్ట రంగు పోయి మనిషి రంగు వస్తోంది. మైకమ్మని చూసి, "అబద్ధాలకోరు," అంది. నర్సమ్మ అట్ట మీద కాగితం పెట్టుకుని వంగి, అందరినీ అడిగినట్టే అడిగింది. "నొప్పి ఏమైనా ఉందామ్మా?"

అక్క పెదాలు అలవాటు కొద్దీ విడివడ్డాయి, ఏం, అన్న దాకా వచ్చాయి. మైకమ్మ సంచి గుండెకి హత్తుకుని నిలబడింది. అక్క ఆమెని చూసింది, కళ్ళు మూసుకుంది, తెరిచింది.

"ఉంది," అంది. "వారం నుంచి ఉంది. దవడ దగ్గర మొదలుపెడతా, రాసుకోండి."